చిలప పట్టిన చేతులు

అల్బేనియా ఉత్తరపు కొండల్లో ఒక రాతి ఇల్లు. పెద్దకొడుకు మరాష్‌ని పూడ్చిన మట్టి ఇంకా ఆరలేదు. చిన్నకొడుకు జెఫ్ తుపాకీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళాడు. తల్లి ద్రానా పొయ్యి పక్కనుంచి లేవలేదు.

“చంపే పని ఎక్కడికీ పోదు. ముందు ఇది పట్టుకో.”

“ఏంటది?”

“చిలప. పుట్టినప్పట్నించీ ఈ ఉన్ని పోగుల చుట్టని చూస్తూనే ఉన్నావు, ఏంటంటావేం? ఉండ చుట్టాలి. ఆ తుపాకీ గోడకి తగిలించి రెండు చేతులూ చాపు.”

“అమ్మా, కింద వంతెన దగ్గర ఫ్రాన్ చిన్నాన్న జీపేసుకుని కూర్చున్నాడు. మన మనుషులంతా వచ్చేశారు. మొదటి గుండు నేను పేల్చాలి. నేను! చచ్చింది నా అన్న. నువ్వేమో ఉన్ని పట్టుకోమంటావు.”

“చచ్చింది నా కొడుకు కూడా.”

“అందుకేగా వెళ్తున్నది.”

“వెళ్ళు. వద్దన్నానా? ఈ చిలప అయ్యేదాకా ఉండమంటున్నా, అంతే. కుర్చీకి తగిలించి ఒక్కదాన్నే చుట్టబోతే చిక్కు పడుతోంది. మరాష్ ఉంటే వాణ్ణి పిలిచేదాన్ని.”

“అబ్బా! ఇటివ్వు. తొందరగా కానీ.”

“నిలబడితే పోగు జారుతుంది. ఆ ముక్కాలిపీట మీద కూర్చో. ఆఁ, అలాగ. మోచేతులు మోకాళ్ళకి ఆనించు. చిన్నప్పుడు ఇలాగే కూర్చునేవాళ్ళు మీరు ముగ్గురూ. నువ్వూ, మరాషూ, తోమా.”

“వాడి పేరు ఎత్తకు.”

“మా ప్రెందా కొడుకు పేరు నేనెత్తకపోతే ఎవరెత్తుతారు? ఒక్క తల్లి కడుపున పుట్టాం నేనూ, అదీ. వాడు నాకు పరాయివాడా?”

“ఇవాళ పొద్దుగూకేలోగా ఆ పేరు సమాధి రాయి మీదే ఉంటుంది. కడుపులో రెండు పేలుస్తాను. కింద పడ్డాక మూతి మీద ఒకటి. మూతి మీద ఎందుకో తెలుసా? పెళ్ళిలో నన్ను చూసి పగలబడి నవ్విన మూతి అది.”

“వేళ్ళు అట్లా బిగించకు. పోగు తెగుతుంది.”

“తెగితే తెగనీ! పిన్ని కొడుకు, పిన్ని కొడుకు అంటావు. తండ్రి వైపుది రక్తం, తల్లి వైపుది పాలు. పాలు రక్తాన్ని ఆపవు. చిన్నాన్న మొన్న అందరి ముందూ అన్నాడు.”

“మీ చిన్నాన్న ఎప్పుడన్నా ఎవరికన్నా పాలిచ్చాడా? అంటాడు.”

“నీకు అన్నీ వేళాకోళమే.”

“వేళాకోళం కాదురా. నాకు రొమ్ము గడ్డ కట్టినప్పుడు నీకు మా ప్రెందా పాలిచ్చింది. ఒక పక్క తోమా, ఒక పక్క నువ్వు. వాడు కుడి, నువ్వు ఎడమ. అప్పుడే వాణ్ణి కాలితో తన్నేవాడివి.”

“ఇంకెంత ఉంది?”

“ఇప్పుడేగా మొదలెట్టాను.”

“సంతలో చేతి తొడుగులు కుప్పలు పోసి అమ్ముతున్నారు. మేజోళ్ళు, టోపీలు, అన్నీ. మిషను మీదవి. నువ్వు మాత్రం ఆ కదురు చంకన పెట్టుకుని కొండంతా తిరుగుతావు. ఎవరి కోసమమ్మా ఇదంతా?”

“ఎవరి కోసమూ కాదు. నా సరదా. మీ నాన్న రాకీ తాగేవాడు, నేను వడికేదాన్ని. పొద్దుగూకేసరికి ఇద్దరం మత్తులో ఉండేవాళ్ళం. ఆయన మత్తుకి మనిద్దరికీ దెబ్బలు తగిలేవి. నా మత్తుకి నీకు తొడుగులొచ్చేవి.”

“ఆయన్నీ తిట్టు ఇప్పుడు. చచ్చినవాళ్ళందర్నీ తిట్టు.”

“తిట్టట్లేదు. చెయ్యి కొంచెం పైకెత్తు. అది సరే, తోమానే చంపాడని ఎలా తేల్చారు? ఎవరన్నా చూశారా?”

“మగవాళ్ళం కూర్చుని తేల్చాం. అయిపోయింది.”

“నాకెవరూ చెప్పలేదు. ఏడవమన్నారు, ఏడ్చాను. మొహం రక్కుకోమన్నారు, రక్కుకున్నాను. వచ్చినవాళ్ళకి కాఫీ కాయమన్నారు, కాచాను. ఎలా తేల్చారో మాత్రం చెప్పలేదు.”

“అన్న పడిపోయిన ఊట దగ్గర రాళ్ళున్నాయా? వాటి వెనక ఒక చేతి తొడుగు దొరికింది. కాల్చినవాడు చేతి నుంచి ఊడదీసి, పక్కన పెట్టి, మర్చిపోయి పరిగెత్తాడు.”

“అయితే?”

“అయితే ఏంటి? చర్చి కాడి ముసలమ్మలకి చూపించారు. ముట్టుకోగానే చెప్పారు, ఎడమ పురి అని. ఈ లోయలో ఆడవాళ్ళందరూ కదురు కుడికి తిప్పుతారు. ప్రెందా పిన్ని ఒక్కతే ఎడమకి. ఆమె వడికిన నూలు, ఆమె అల్లిన తొడుగు, ఆమె కొడుకు చెయ్యి. అంతే.”

“ఊఁ.”

“ఇంకోటుంది. మరాష్ తెల్ల టోపీ తోమా ఇంట్లో మేకుకి వేలాడుతోంది. చిన్నాన్న కళ్ళారా చూశాడు. శవం తల మీది టోపీ లాక్కుపోయాడు, సిగ్గులేని కుక్క. ఇంకా ఏం కావాలి నీకు?”

“ఏమీ అక్కర్లా. తోమా ఏమంటున్నాడు?”

“ఏమంటాడు? శ్మశానంలో నువ్వూ చూశావుగా నాటకం. గుప్పిట్లో మట్టి పట్టుకుని, మరాష్‌ని చంపినవాడి గొంతు నా చేత్తో కోస్తానని గోరీ మీద ఒట్టేశాడు. నేను వాడి పక్కనే నిలబడి ఉన్నా. నా మొహంలోకి చూసి మరీ ఒట్టేశాడు.”

“వాడు ఒట్టేస్తే నిలబెట్టుకుంటాడు. కొట్టం కప్పు మీంచి దూకుతానని ఒట్టేసి, దూకి, కాలు విరగ్గొట్టుకున్నాడు గుర్తుందా? నువ్వూ ఒట్టేశావు. నిచ్చెన దిగి వచ్చావు.”

“ఎవరి తరఫున మాట్లాడుతున్నావు నువ్వు?”

“ఎవరి తరఫునా కాదు. తప్పు చేసినవాడు తానే వచ్చి ఒప్పుకుంటే? అప్పుడైనా వదిలేస్తావా?”

“రమ్మను. చేతులు కట్టుకుని, తల దించుకుని వచ్చి, మన గుమ్మంలో నిలబడమను. అప్పుడు చూద్దాం.”

“చేతులు కట్టుకుని వచ్చినవాణ్ణి చంపకూడదు కదా?”

“కూడదు. ముత్తాతల నాటి మాట. చేతులు కట్టుకుని ఇంట్లోకి వచ్చినవాడి మీద కత్తెత్తితే, ఎత్తినవాడికి ఏడు తరాలు కుక్క చావే. నాకు చెప్పాలా? అందుకే వాడు రాడు. పొగరు. చేతులు కట్టుకోవడం కంటే చావడమే మేలనుకుంటాడు.”

“చంపినవాడు ఎవడైనా సరేనా? ఏం చేసి వచ్చినా?”

“ఎవడైనా సరే. ఎందుకడుగుతున్నావు?”

“ఊరికే. ముసలిదాన్ని, మర్చిపోయానేమోనని.”

“లోపలి గదిలో ఏంటా చప్పుడు?”

“పిల్లి. ఈనింది. బుట్టలో పిల్లల్ని పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది.”

“తూటాల సంచి ఆ గదిలోనే ఉంది. ఉండు, తెచ్చుకుని వస్తా.”

“కూర్చో! కడిగిన ఉన్ని నేలంతా పరిచాను. ఆ బురద బూట్లతో తొక్కావంటే తూటా అక్కర్లా, ఈ సూదితోనే పొడుస్తాను. చిలప అయ్యాక తూటాలు నేనే తెచ్చిస్తాను.”

“నువ్వే తెచ్చిస్తావా?”

“నా చేత్తోనే ఇస్తాను. కూర్చో.”

“ఫోను. జేబులో ఫోను మోగుతోంది. చిన్నాన్నే.”

“చేతులు కదపకు, నేను తీస్తాను. హలో! ఫ్రాన్? నేను, ద్రానాని. వాడు చిలప పట్టుకుని కూర్చున్నాడు. చిలప! ఉన్ని చిలప. అరవకు, నాకు చెవుడు లేదు. కొడుకుని పంపేముందు తల్లి నాలుగు మాటలు మాట్లాడుకోకూడదా? పెద్దవాణ్ణి పంపినప్పుడు మాట్లాడలేదు నేను. ఆఁ, వస్తాడు. మీ రాకీ మీరు తాగుతూ ఉండండి. పెట్టేస్తున్నా.”

“పరువు తీశావు. ఇప్పుడు వంతెన దగ్గర అందరూ నవ్వుకుంటూ ఉంటారు. జెఫ్ వాళ్ళమ్మకి ఉన్ని పట్టిస్తున్నాడని.”

“నవ్వనీ. నవ్వితే ఎవడి ప్రాణమూ పోదు. నవ్వారని తీసేవాళ్ళ వల్లే పోతుంది.”

“నీకు తెలీదు. నువ్వు ఆ పెళ్ళిలో లేవు. తాగి ఉన్నాను, నిజమే. ఏదో అన్నాను, నిజమే. వాడు నా తుపాకీ లాక్కుని, ఒక్కటిచ్చి, పేడలో పడేశాడు. పేడలో! పిల్ల తరఫు వాళ్ళు, వాయించేవాళ్ళు, వంటవాళ్ళు, అందరూ చూస్తుండగా. తుపాకీలోంచి తూటాలు తీసి పెళ్ళికూతురి ఒళ్ళో పోసి, ‘పిల్లాడు ఆడుకునే వస్తువు, జాగ్రత్త చెయ్యండమ్మా’ అన్నాడు. ఆ రోజు నుంచి నేను ఎవడి ముందుకెళ్ళినా వాడి నోటి చివర ఆ నవ్వు కనబడుతోంది.”

“మరాష్ కూడా నవ్వాడా?”

“మరాష్ నన్ను లేపి మొహం కడిగాడు.”

“ఊఁ. వాడంతే.”

“వాడి మాట ఇప్పుడెందుకు?”

“ఇప్పుడు కాక ఇంకెప్పుడు? ఆ పొద్దున పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. గుమ్మంలోంచి ‘వస్తానమ్మా’ అన్నాడు. ఊఁ అన్నాను. వెనక్కి తిరగలేదు. పాలు దించుకుని బయటికొచ్చేసరికి మంచు తప్ప ఏమీ లేదు. నాకు పెళ్ళై వచ్చేస్తుంటే మా ప్రెందా వాగు దాకా ఏడుస్తూ పరిగెత్తింది. మీ నాన్న శవపెట్టె వెనక నేను నడిచాను. మొన్న మీ వదిన పుట్టింటికి పోతుంటే, అది వెనక్కి తిరిగి చూడకపోయినా, బస్సు కనబడేదాకా నిలబడ్డాను. ఈ ఇంట్లోంచి పోయిన ప్రతి మనిషినీ నిలబడి సాగనంపాను. వాణ్ణొక్కణ్ణే సాగనంపలేదు. పాల కోసం. ఒక గిన్నెడు పాలు.”

“ఏడవకు.”

“ఏడవట్లేదు. పొగ. ఎక్కడికెళ్తున్నావురా అని కూడా అడగలేదు. నీకేమన్నా తెలుసా, ఎక్కడికెళ్ళాడో?”

“నాకేం తెలుసు? నేను కొట్టంలో ఉన్నా.”

“పొద్దంతానా?”

“పొద్దంతా. ఎన్నిసార్లు అడుగుతావు?”

“ఇదే మొదటిసారి అడగడం. ఏదీ, ఆ తొడుగు నాకు చూపించు.”

“ఎందుకు?”

“మా చెల్లెలి అల్లిక నాకంటే ఆ ముసలమ్మలకి బాగా తెలుసా?”

“చిన్నాన్న దగ్గరుంది.”

“నీ కోటు లోపలి జేబులో ఉంది. ఉబ్బెత్తుగా కనబడుతోంది.”

“అది వాడి నోట్లో కుక్కుదామని తెచ్చుకున్నా. చచ్చాక.”

“సరే, కుక్కుదువుగాని. కదలకు, నేను తీసుకుంటా.”

“వద్దు. అమ్మా, వద్దన్నానా! చెయ్యి తియ్యి. దేవుడి తోడు, తన్నేస్తాను.”

“తన్ను. మీ నాన్న తన్నిన చోటే తన్ను, ఆ చోటుకి అలవాటు. ఇదిగో, వచ్చేసింది.”

“చూశావుగా. ఇచ్చెయ్యి.”

“ఎడమ పురే.”

“చెప్పానుగా!”

“తొడుగు కూడా ఎడమ చేతిదే. వెనక పువ్వు ఇటు, బొటనవేలు అటు.”

“అయితే ఏంటి?”

“ఏ చేత్తో ట్రిగ్గర్ లాగుతాడో ఆ చేతి తొడుగే తీస్తాడు మనిషి. తోమా ఏ చేత్తో కాలుస్తాడు?”

“నాకేం తెలుసు?”

“నిన్ను ఏ చేత్తో కొట్టాడు? పెళ్ళి నుంచి వచ్చినప్పుడు నీ ఎడమ దవడ వాచి ఉంది. నేనే కాపడం పెట్టాను. వాడు రొట్టె తుంచినా, మనిషిని కొట్టినా కుడిచేత్తోనే.”

“రెండూ తీసుంటాడు. ఏమో! చలికి వేళ్ళు కొయ్యబారి రెండూ తీసుంటాడు. పోలీసులా అడుగుతావేం?”

“తీసుంటాడులే. కావచ్చు.”

“చిలప అయిపోయింది. అదిగో, చివర వచ్చేసింది. తూటాలు తెచ్చివ్వు.”

“ఇంకొకటుంది. చిన్నది. దీనికే కలిపి చుట్టాలి. చేతులు చాపు.”

“చాలమ్మా! నరాలు పీకుతున్నాయి.”

“అరచెయ్యంతే ఉంది. ఇది పట్టుకున్నావంటే మళ్ళీ జన్మలో అడగను. ఆఁ, మణికట్ల మీదికి తీసుకో. చిన్న చిలప, చేతులు దగ్గరగా పెట్టాలి. ఇంకా దగ్గరికి.”

“ఇదేంటి, ఇలా మెలికలు మెలికలుగా ఉంది? ఇది కొత్తగా వడికింది కాదు.”

“కాదు. అల్లినదాన్ని విప్పాను. విప్పిన ఉన్ని అంతే. నీళ్ళలో నానేసి, బరువు కట్టి ఆరేసేదాకా తన పాత కుట్లు మర్చిపోదు.”

“మరి నానెయ్యలేదేం?”

“నానేస్తే నీళ్ళు ఎర్రబడతాయని.”

“…ఏం రంగు ఇది?”

“అక్రోటు తొక్క రంగు. నీ జేబులోంచి తీసిన తొడుగు రంగే. ఇదిగో, పక్కన పెట్టి చూడు.”

“అమ్మా.”

“ఎడమ పురి మా ప్రెందా ఒక్కదానిదే అనుకుంటారు ఆ ముసలమ్మలు. మా అమ్మది ఎడమ చేతివాటం. మమ్మల్నిద్దర్నీ చెరో మోకాలి మీదా కూర్చోబెట్టుకుని తన వాటంలోనే నేర్పింది. నేను కాపురానికొచ్చిన వారానికే మీ నాయనమ్మ నా కదురు లాక్కుని పొయ్యిలో పడేసింది. ఎడమ పురి శవానికి కట్టే దారం, నా ఇంట్లో తిప్పావంటే వేళ్ళు నరుకుతానంది. అప్పట్నించీ పదిమందిలో కుడికే తిప్పాను. ఒంటరిగా ఉన్నప్పుడు, నా సరదాకి, నా వాటంలో తిప్పుకునేదాన్ని. పోయిన క్రిస్మస్‌కి నీకు తొడుగులు అల్లాను. ఎడమ చేతివాటం నీకొక్కడికే వచ్చిందని మురిసిపోయి, ఎడమ పురి పెట్టి అల్లాను.”

“ఆ రెండోది ఎక్కడ దొరికింది?”

“కుక్క లాక్కొచ్చింది. గడ్డివాము అడుగునుంచి. ఉన్ని వాసన, రక్తం వాసన, రెండూ ఇష్టమే దానికి. మీ చిన్నాన్న, వాళ్ళంతా ఇక్కడే కూర్చుని తోమాని ఎక్కడ కాపు కాసి కొట్టాలా అని మాట్లాడుకుంటున్నారు. నేను వాళ్ళ మధ్యనే కూర్చుని, ఒళ్ళో పెట్టుకుని విప్పేశాను. ఒక్కొక్క వరసే. ముసలిది ఏదో విప్పుకుంటోంది అనుకున్నారు. ‘వదినా, ఇంకో కాఫీ’ అన్నాడు మీ చిన్నాన్న.”

“నేను కావాలని చెయ్యలేదు.”

“తెలుసు.”

“ఏం తెలుసు నీకు! మంచు. మనిషి మొహం ఆనవాలు పట్టలేని మంచు. టోపీ ఒక్కటే కనబడింది. ఎర్ర గీతల టోపీ. పిన్ని తోమాకి అల్లింది. లోయ మొత్తంలో అలాంటిది ఒక్కటే. ఆ టోపీ నడిచొస్తుంటే తోమా కాక ఇంకెవడనుకుంటాను?”

“తోమా కోసమే కూర్చున్నావు.”

“అవును! వాడి కోసమే. వాడు పొద్దున్నే నీళ్ళకొస్తాడని తెలుసు. రాళ్ళ వెనక కూర్చున్నా. పేల్చాను. గొర్రెలా మోకాళ్ళ మీద పడ్డాడు. ‘ఇప్పుడు నవ్వరా’ అనుకుంటూ దగ్గరికెళ్ళాను. ఇంకొకటి పేల్చబోయి… చేత్తో తిప్పాను. కుడిచేత్తో. అన్న. కళ్ళు తెరిచే ఉన్నాయి. నోట్లోంచి రక్తం, బుడగలు బుడగలుగా.”

“ఏమన్నా అన్నాడా?”

“‘జెఫ్’ అన్నాడు. అన్నాడో, నాకలా వినబడిందో.”

“నీళ్ళడిగాడా?”

“ఏమీ అడగలేదు.”

“ఊట పక్కనే ఉందిగా. కొంచెం నోట్లో పోశావా?”

“లేదమ్మా! లేదు! టోపీ తీసి వాగులో పడేసి పరిగెత్తాను. కొట్టంలోకి వచ్చాక చూసుకుంటే ఎడమ తొడుగు లేదు. ఆ టోపీ వాడి తల మీదికి ఎలా వచ్చింది? పిచ్చెక్కుతోంది నాకు. కళ్ళు మూసుకుంటే ఆ ఎర్ర గీతలే. వాడి టోపీ వీడు ఎందుకు పెట్టుకున్నాడు?”

“ప్రెందా వచ్చి చెప్పింది. పగ రగిలినా ఆడదానికి దారి మూసుకోదుగా. ఆ పొద్దున మరాష్ తోమా ఇంటికే వెళ్ళాడు.”

“ఎందుకు?”

“నీ కోసం. మా తమ్ముడు తాగి వాగాడు, వాడు కుర్రకుంక, వాడి బదులు నేను తల వంచుతున్నా, రాజీపడదాం అన్నాడట. తోమా కూడా, చెయ్యి చేసుకోవడం నాదే తప్పన్నాడట. ఇద్దరూ రాకీ తాగారు. రాజీకి గుర్తుగా టోపీలు మార్చుకున్నారు. వీడి తెల్ల టోపీ వాళ్ళ మేకుకి. వాడి ఎర్ర గీతల టోపీ వీడి తలకి.”

“అబద్ధం.”

“గుమ్మం దాటుతూ అన్నాడట, ‘ఈ టోపీ పెట్టుకునే వెళ్తాను. దీన్ని నా తల మీద చూస్తే మా జెఫ్‌కి ఇంకేమీ చెప్పక్కర్లేదు’ అని.”

“ఆపు. అమ్మా, ఆపు.”

“ఆపాను.”

“పిన్ని ఈ సంగతి మగవాళ్ళకి చెప్పలేదేం?”

“చెప్పింది. ఆడదాని మాట సాక్ష్యం కాదని మీ చిన్నాన్న నవ్వాడు. నువ్వూ అక్కడే ఉన్నావు. నువ్వు నవ్వలేదు, కిందకి చూస్తున్నావు. అప్పుడే నాకు సందేహం వచ్చింది. తర్వాత కుక్క.”

“మరి ఇన్నాళ్ళూ నోరెందుకు విప్పలేదు?”

“నోరు విప్పితే నాకు ఒక్కడూ మిగలడు. విప్పకపోతే మా ప్రెందాకి ఒక్కడూ మిగలడు. పగలంతా వడికాను. ఎడమకే తిప్పాను, ఎవరు చూస్తే ఏంటని. ఎంత వడికినా తెగలేదు ఆ లెక్క.”

“వాడి వల్లే ఇదంతా. వాడు నన్ను పేడలో పడెయ్యకపోతే అన్న బతికి ఉండేవాడు. వాడు చస్తే అన్నీ సర్దుకుంటాయి.”

“రాజీపడ్డవాణ్ణి చంపుతావా? మీ అన్న మాటిచ్చి, టోపీ ఇచ్చి వచ్చినవాణ్ణి?”

“నాకేమీ తెలీట్లేదు. నన్ను పోనివ్వు. ఇటలీ పోతా. రేవు దాకా పోతే ఎవడో ఒకడు పడవ ఎక్కిస్తాడు. మళ్ళీ ఈ కొండ మొహం చూడను.”

“పోతావు. అందరూ పోయేవాళ్ళే నాకు.”

“ఎవరికీ చెప్పకు. నీకూ నాకూ మధ్యే ఉండిపోనీ. ఆ ఉన్ని పొయ్యిలో వెయ్యి. తొడుగు కూడా వెయ్యి. నీకు మిగిలింది నేనొక్కణ్ణే. తోమాకి తెలిస్తే నా గొంతు కోస్తాడమ్మా. అన్న గోరీ మీద ఒట్టేశాడు.”

“వాడు ఒట్టు నిలబెట్టుకుంటాడు.”

“అందుకే చెప్పకంటున్నా! ఫోను మోగుతోంది.”

“మోగనీ. మీ చిన్నాన్నకి నేనే చెబుతాను. ఈ ఇంటి రక్తం ఈ ఇంటి మనిషి తీసింది, అడిగే హక్కు తల్లిది అని చెబుతాను. జీపు వెనక్కి తిప్పుకోమంటాను.”

“ముందు ఇది తియ్యి. అమ్మా, చేతులు రావట్లేదు. ఏంటిది? ఉండ చుట్టలేదా నువ్వు? మణికట్ల చుట్టూ… ముడి ఎప్పుడు వేశావు?”

“నువ్వు మంచు సంగతి చెప్పేటప్పుడు. లాగకు. నేను పెట్టిన పురి తెగదు. ఉన్ని బిగిస్తే చర్మం కోసుకుంటుంది, లాగకు నాయనా.”

“ఎందుకు కట్టావు? విప్పు! కొరికేస్తాను, తెంపేస్తాను. అమ్మా, లోపల అది పిల్లి కాదు. ఎవరో నడుస్తున్నారు. లోపల ఎవరు?”

“తెల్లవారుతూనే వచ్చాడు. పొయ్యి మీద వేలాడే గొలుసు పట్టుకుని ఆశ్రయం అడిగాడు. అది పట్టుకున్నవాడు మన అతిథి. కత్తి నా చేతికిమ్మన్నాను, ఒట్టుంది పెద్దమ్మా, ఇవ్వనన్నాడు. నువ్వన్న మాటలన్నీ విన్నాడు, చేతులు కట్టుకుని వచ్చినవాణ్ణి చంపకూడదన్న మాట కూడా. అందుకే నేను అడిగి, నీ నోటితోనే చెప్పించాను.”

“అమ్మా…”

“తల దించుకో. ఇంకా కిందకి. తోమా, తలుపు తీసుకుని రా నాయనా. చేతులు కట్టుకుని ఒకడు మన గుమ్మంలోకి వచ్చాడు.”